పెద్దజేజి ఏం తినేది

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళముందు పెట్టింది. "అవ్వా, ఇది చూడు, నీకు నచ్చుతుంది" అంది. ప్రపంచంలో ఎక్కువకాలం బతికే మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో, ఏం తింటారో ఒకాయన ఊరూరా తిరిగి చూపిస్తున్నాడు. జపాను దేశపు దీవిలో తొంభై దాటిన ముసలమ్మ ఒకతె నేలమీద గొంతుక్కూర్చుని చిలగడదుంపల మడిలో కలుపు తీస్తోంది. ఇటలీ కొండల్లో ఒక ముసలాయన గొర్రెల వెంట రాళ్ళదారిన ఎక్కుతున్నాడు. గ్రీకు దీవిలో ఒకావిడ గట్లమీద మొలిచిన ఆకులేవో ఏరి ఒడిలో వేసుకుంటోంది. వాళ్ళంతా గింజలు, ఆకుకూరలు, ముడి ధాన్యం తింటారట. మాంసం ఎప్పుడో పండక్కేనట. కడుపు నిండకముందే లేస్తారట. ఎంత ముసలైనా చేతికి ఒక పని, చుట్టూ నలుగురు మనుషులు ఉంటారట. మా మనవరాలు ఇదంతా కాగితం మీద రాసుకుంటోంది. చక్కెర జబ్బు వచ్చేలా ఉందని డాక్టరు ఆమెను భయపెట్టినప్పటి నుంచీ ఇంట్లోకి కొర్రలూ అండుకొర్రలూ అందమైన పొట్లాల్లో వస్తున్నాయి. "మీ చిన్నప్పుడు ఇవే తినేవాళ్ళు కదా అవ్వా, అందుకే నువ్వు ఎనభై దాటినా ఇట్లా ఉన్నావు" అంది. మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి పడుకున్నాను. కునుకు పట్టలేదు. ఆ దీవుల మనుషుల్లాంటి ఒకరి పక్కనే నేను పదిహేనేళ్ళు పెరిగానని ఆ పిల్లకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

అప్పుడు మేము ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధిలో ఉండేవాళ్ళం. ఇంట్లో నలుగురమే: అమ్మ, నాయన, నేను, నాయన జేజి. నాయనకు మూడేళ్ళప్పుడు ఆయన తల్లీ తండ్రీ ఒకే వారంలో వాంతిభేదితో పోతే, తండ్రి తల్లి అయిన ఆమే సాకి పెద్దచేసింది. వీధి మొత్తానికి ఆమె పెద్దజేజి. వయసు ఎంతో ఆమెకూ తెలియదు. జనం చింతగింజలు ఉడకేసుకుని తిన్న పెద్ద కరువునాడు తాను దూడల్ని మేపే పిల్లనని చెప్పేది. ఆ లెక్కన తొంభైకి అటో ఇటో ఉండాలని బడి అయ్యవారు తేల్చారు. మనిషి సన్నం. నడుము కొంచెం వంగింది గానీ చూపు చెడలేదు. నోట్లో పళ్ళు నాలుగే, అయితే ఆ నాలుగూ పైవి రెండూ కిందివి రెండూ సరిగ్గా ఎదురెదురుగా మిగలడంతో వేయించిన శనగలు కూడా పటపట నమిలేది. నేలమీద నుంచి చెయ్యి ఆనకుండా లేచేది. అమ్మ అప్పటికే "అబ్బా" అని నడుం పట్టుకుని లేచే మనిషి. అత్తను మించిన అత్త ఇట్లా లేస్తుంటే కోడలికి ఎంత తలవంపులో మీరే ఊహించుకోండి.

ఆమె తిండి గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. పొద్దున నిన్నటి జొన్నరొట్టె మజ్జిగలో నానేసి, పక్కన ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ. మధ్యాహ్నం కొర్రబువ్వ, ఆకు వేసిన పప్పు. పొద్దు గూకకముందే అర రొట్టె, ఇంత శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. వరి అన్నం ఉగాదికి ఒకసారి, ఊరి జాతరకు ఒకసారి. ఆకు కోసం తానే పొలాల వైపు పోయేది. వానలు పడ్డాక గట్లమీద గురుగాకు, చెంచలాకు, ఇంకా పేర్లు నాకిప్పుడు గుర్తులేని ఆకులు ఏరి కొంగునిండా తెచ్చేది. నేను వెంట పోతే, ఏది కూరాకో ఏది కాదో చేతిలో పెట్టి వాసన చూపించేది. మిగతా పొద్దంతా రాట్నం ముందు కూర్చుని నాయన మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆమె దగ్గర కండె అడుగంటిందని మగ్గం ఆగిన రోజు లేదు. ఇక కంచంలో చివరి ముద్ద ఎప్పుడూ ఆమె తినేది కాదు. తల్లి లేని పసివాడికని మొదలైన అలవాటు. ముప్పై ఏళ్ళు దాటి, మీసాలు వచ్చి, నాకు తండ్రి అయినా ఆ ముద్ద నాయనదే. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి, ఆమె వంగి చెయ్యి చాపగానే పిచ్చుకపిల్లలాగా నోరు తెరిచేవాడు. అమ్మ మూతి తిప్పుకుని నవ్వేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది అనుకుంటాను, ఆదోనికి కోస్తా వైపు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఎక్కువకాలం బతికేవాళ్ళ తిండీ తిప్పలూ రాసుకోవడం ఆయనకు సరదా. మా పెద్దజేజి సంగతి ఎవరో చెబితే, ఒక ఆదివారం బస్సు దిగి, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని మా వీధికి వచ్చాడు. అరుగు చుట్టూ జనం. ఆయన చాలా మర్యాదగా, "మామ్మగారూ, మీరు పొద్దున్నే ఏం తీసుకుంటారు?" అని అడిగాడు. పెద్దజేజి కొంచెం నొచ్చుకుంది. "నేను ఎవురి దగ్గరా ఏమీ తీసుకోను అప్పా. నా కూడు నేనే కాల్చుకుంటా" అంది. జనం నవ్వారు. ఆయనకు తప్పెక్కడో అర్థం కాలేదు గానీ ఆయన కూడా నవ్వాడు. తర్వాత ఎవరో తీసుకోవడమంటే తినడమని విడమరిచి చెప్పాక, ఆమె రొట్టె నుంచి ఊరిబిండి దాకా అన్నీ చెప్పింది. ఆయన అన్నీ రాసుకున్నాడు. రొట్టె ఎంత మందమో వేళ్ళు కొలిచి రాసుకున్నాడు.

రాయడం అయ్యాక ఆయన దేశదేశాల ముచ్చట్లు చెప్పాడు. హిమాలయాల అవతల కొండలోయ ఒకటుందట, అక్కడివాళ్ళు ఎండబెట్టిన పళ్ళు, ముతక రొట్టెలు తిని, రోజూ కొండలెక్కి దిగుతూ నూరేళ్ళు బతుకుతారట. రష్యా వైపు ఇంకేవో కొండల్లో పుల్లటి మజ్జిగ తాగుతూ అంతకన్నా ఎక్కువే బతుకుతారట. పెద్దజేజి రాట్నం ఆపి శ్రద్ధగా విన్నది. విని, "వాళ్ళ పిల్లోళ్ళు కూడా బతికుంటారా అప్పా?" అని అడిగింది.

డాక్టరు తికమకపడ్డాడు. "అది పుస్తకంలో రాయలేదు మామ్మగారూ" అన్నాడు.

"అది కదా రాయాల్సింది" అని ఆమె మళ్ళీ రాట్నం తిప్పింది. ఆమె కన్నది ఐదుగురిని. నలుగురు అంబాడే ఈడులోనే పోయారు, ఐదోవాడు మా తాత. మొగుణ్ణి ప్లేగు తీసుకుపోయింది. ఆ వంశంలో నిలిచినవాడు మా నాయన ఒక్కడే. ఇవేవీ డాక్టరుకు తెలియవు. ఆయన లేచి నిలబడి, వీధి జనమంతా వినేలా, "మందులు మా ఆసుపత్రిలో కాదు, ఈమె తిండిలో ఉన్నాయి" అన్నాడు. జనం తలలాడించారు. పెద్దజేజి సిగ్గుపడినట్టుగా కొంగు సర్దుకుంది. ఆమె మొహం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు. ఆ మాట ఆమె లోపలికి ఎంత దూరం పోయిందో అప్పుడు ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే లోపల మగ్గం ఆగి, నాయన దగ్గు వినిపించింది. మాకు అలవాటైన దగ్గే. డాక్టరు మాత్రం నోటుపుస్తకం మూసి, "ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు. నాయన గుంటలోంచే, "నూలు దుమ్ము సార్, నేతగాళ్ళకు మామూలే" అన్నాడు. డాక్టరు లోపలికి పోయి ఆయన్ని పైకి రమ్మని, చొక్కా విప్పించి, వీపుమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తొంభై ఏళ్ళ మనిషిని చూడ్డానికి వచ్చినవాడు ముప్పై మూడేళ్ళ మనిషి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. మొహంలో నవ్వు లేదు.

ఆ వారంలోనే అమ్మ, నాయన, నేను ఆదోనికి పోయాం. జిన్నింగు మిల్లుల నుంచి దూది రేగి వీధుల్లో తేలుతోంది. అది అందుకోవాలని నేను గెంతుతుంటే నాయన నవ్వాడు, నవ్వు దగ్గయి చాలాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. కఫం పరీక్ష చేసి క్షయ అని చెప్పారు. రోజూ సూది మందు వేయించుకోవాలి, నెలల తరబడి మానకూడదు. పాలు, గుడ్లు తినాలి. మగ్గం ఎక్కకూడదు. నాయన కంచం, చెంబు వేరు చేయాలి, నన్ను దగ్గరికి రానివ్వకూడదు. సూది వేయడానికి ఎమ్మిగనూరులోనే ఒక కాంపౌండరును కుదిర్చి, మందు ఆదోని నుంచి వచ్చే ఏర్పాటు కూడా ఆ డాక్టరే చేశాడు.

పెద్దజేజి రెండు కోడిపెట్టల్ని తెచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆమె గుడ్డు ముట్టి ఎరగదు. గుడ్లను కొంగుతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని నీళ్ళలో వేసేది. ఉడికాయో లేదో చూడమని నన్ను పిలిచేది. తన మజ్జిగ మానుకుని పాలన్నీ నాయనకే పోసేది. వేరే కంచం పెట్టమన్నారు కాబట్టి పెట్టింది గానీ, తన కంచంలో చివరి ముద్ద మాత్రం అరచేతిలో తీసుకుపోయి ఆయన కంచంలో వేసేది. మూడు నెలలకు నాయన దగ్గు తగ్గింది. బుగ్గలు కాస్త నిండాయి. వాకిట్లో ఎండలో కూర్చుని నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు.

కానీ సూది ఆయనకు గిట్టేది కాదు. పిరుదులు గడ్డకట్టి కూర్చోలేకపోయేవాడు. చెవుల్లో ఒకటే హోరని, నడిస్తే తల తిరుగుతోందని అనేవాడు. ఒకరోజు కాంపౌండరు దగ్గరికి బయలుదేరుతూ గడపలోనే తూలి పడబోయాడు. పెద్దజేజి పట్టుకుంది.

"ఇంక సాలు నాయనా. సూదులు నిన్ను సంపుతాండాయి. డాక్టరే సెప్పినాడు కదా, మందు నా కూట్లోనే ఉందని. నా సేతి బువ్వే నిన్ను నిలబెట్టింది" అంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమె పెద్దజేజికి ఎదురు మాట్లాడడం నేను విన్నది అదొక్కసారే. "డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు జేజీ. ఇంకా ఎన్నో నెలలు ఏయాలని సెప్పినాడు" అంది.

"ఇన్నేండ్లు వాన్ని సాకినదాన్ని. నాకు తెలీదా?" అని పెద్దజేజి అడిగింది.

నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు సూది తప్పించుకోవాలని ఉంది, జేజి మాట కాదనడం రాదు. రెండూ ఒకవైపే ఉన్నాయి. ఆ రోజు పోలేదు. మర్నాడూ పోలేదు. డాక్టరు తన పెళ్ళికని సెలవు పెట్టి సొంతూరు వెళ్ళి ఉన్నాడు, సంగతి ఆయనకు చేరలేదు. చెవుల్లో హోరు తగ్గిందని నాయన సంబరపడ్డాడు. నెలరోజులకు మెల్లగా మగ్గం ఎక్కాడు. ఆ శబ్దం విని వీధివాళ్ళు వచ్చి పెద్దజేజిని మెచ్చుకున్నారు. ఆమె కొర్రలు ఇంకా మెత్తగా వండింది, ఆకు కోసం ఇంకా దూరం నడిచింది. అమ్మ మాత్రం నాయన వీపు వైపే చూస్తూ ఉండేది.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు నాయన మగ్గం మీదే నెత్తురు కక్కాడు. డాక్టరు వచ్చాడు. సూదులు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అవి పనిచేయలేదు. అప్పటికి అమ్మ కడుపుతో ఉంది. మధ్యలో మానేస్తే రోగం మందుకు లొంగదని అమ్మకు చెబుతుంటే పెద్దజేజి విన్నది. గోడవారగా వచ్చి ఆయన ముందు నిలబడింది. "అప్పా, నా ఆయుస్సు తీసి వానికి ఎక్కించే సూది ఏమన్నా ఉందా? నాకు నొప్పి తెలీదు, ఎంత పెద్దదైనా పొడుసుకో" అంది. ఆయన తల వంచుకున్నాడు. "తప్పు నాది మామ్మగారూ. తిండిలోనే మందుందని ఆ రోజు నోరు జారింది నేనే" అన్నాడు. ఆమెకు ఆ మాట ఎక్కలేదు. "నువ్వు మంచికే సెప్పినావు. నమ్మింది నేను" అంది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, బయట ముసురు పట్టి ఉంది, పెద్దజేజి కొర్రగంజి కాచి చెంచాతో నాయన నోట్లో పోస్తోంది. నన్ను గడప దాటనివ్వరు కాబట్టి నేను గడప ఇవతల కూర్చున్నాను. నాలుగు చెంచాలు తాగి ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "నిండింది జేజీ, సాలు" అన్నాడు. నోరు తుడిపించుకుని, నా వైపు చూసి, "పదమూడో ఎక్కం వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. నిజానికి రాలేదు. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాం. ఆమె గిన్నె పట్టుకుని అట్లాగే చాలాసేపు కూర్చుంది, లేస్తే మెలకువ వస్తుందేమోనని.

అంతదాకా మా వీధి బాలింతలు పసిబిడ్డల్ని తెచ్చి ఆమె ఒడిలో పెట్టేవాళ్ళు. పుట్టిన బిడ్డను మొదట చుట్టడానికి ఆమె కట్టి విడిచిన కోక ముక్క అడిగి తీసుకుపోయేవాళ్ళు, ఆమె ఆయుస్సు బిడ్డకు వస్తుందని. నాయన పోయాక ఎవరూ రాలేదు. ఆమె వీధిలోకి వస్తే ఒకామె బిడ్డను లోపలికి తీసుకుపోవడం నేను కళ్ళారా చూశాను. "అందరి ఆయుస్సూ మింగి కూచునింది" అనే మాట బావి దగ్గర నాకే వినబడింది, ఆమెకు వినబడకుండా ఉంటుందా. కర్మకాండలు అయ్యాక డాక్టరు పలకరించడానికి వచ్చాడు, చేతిలో పుస్తకం లేదు. పెద్దజేజి ఆయన్ని కూర్చోమని, ఎప్పటి గొంతుతోనే, "ఏం తిని బతికినావని అడిగితివి కదా అప్పా. ఆ పొద్దు తప్పు సెప్పినా. ఇప్పుడు రాసుకో. మొగున్ని తినినా, కన్న బిడ్డల్ని తినినా, కడాకు మనమణ్ణి కూడా తినినా" అంది. పెద్ద చదువు చదివిన ఆ మనిషి మా అరుగుమీద కూర్చుని మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ ఆమెతో మాట్లాడడం మానేసింది. తిట్టలేదు, తప్పు ఎత్తిచూపలేదు. కంచం పెట్టి వెళ్ళిపోయేది. పెద్దజేజి తిని వెళ్ళిపోయేది. ఇద్దరి మధ్యా మాటలు నేనే మోసేదాన్ని. నాయన లేని ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా భయమేసింది ఆ నిశ్శబ్దమే. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

పుష్యమాసపు చలిలో, తెల్లవారి ఎండ ఇంకా రాకముందు, అమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. పురుడు పోసిన ఆమె బిడ్డకు గుడ్డ అడిగింది. సాయానికి వచ్చిన పక్కింటామె గొంతు తగ్గించి, "ముసిలామె కోక మాత్రం వద్దు" అంది. పెద్దజేజి గడప అవతలే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపలికి రాలేదు, బిడ్డను చూస్తానని అడగలేదు. అమ్మ పడుకున్నచోటి నుంచే తల తిప్పింది.

"జేజీ, నీ పాత కోక ఇయ్యి" అంది.

"వద్దమ్మా. నా గుడ్డ వద్దు" అంది పెద్దజేజి.

"పిల్లోడు సలికి వణుకుతాండాడు జేజీ. నీ కోకే మెత్తగుంటుంది. ఇయ్యి."

పెద్దజేజి లేవబోయింది. ఎప్పుడూ చెయ్యి ఆనకుండా లేచే మనిషి, రెండు చేతులూ నేలకు ఆనించినా లేవలేకపోయింది. నేను పట్టుకుని లేపాను. పెట్టెలోంచి కోక తీసి నా చేతికివ్వబోతే, అమ్మ "నువ్వే సుట్టు జేజీ" అంది. ఆమె బిడ్డను చుట్టి, ఎత్తుకుని, వాడి తల వాసన చూసి, అప్పుడు ఏడ్చింది. నాయన పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. అమ్మ కూడా ఏడ్చింది. పక్కింటామె బయటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పెద్దజేజి ఇంకో నాలుగేళ్ళు బతికింది. అదే రొట్టె, అదే కొర్ర, అదే ఆకు. అమ్మ మగ్గం నేర్చుకుంటే ఆమె కండెలు చుట్టింది. ఒక్కటే మార్పు, ఆకలి వేస్తే ఆమెకు సిగ్గుగా ఉండేది. మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర నిలబడి, దొంగతనం ఒప్పుకున్నట్టుగా, "ఈ పొద్దు కూడా ఆకలైతాందమ్మా, ఏం సేయాల" అనేది. అమ్మ పీట వాల్చేది. ఒక మాఘమాసపు పొద్దున రాట్నం ముందు ఒరిగిపోయి, ఇంకెవరికీ శ్రమ ఇవ్వకుండా వెళ్ళిపోయింది. ఆమె కోకలో చుట్టిన మా తమ్ముడు ఇప్పుడు ఆదోనిలో ఉన్నాడు. వాడికి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేనిదే తెల్లవారదు. ఆకుకూర కంచంలో కనిపిస్తే పక్కకు నెడతాడు. డెబ్బై వచ్చాయి, నిక్షేపంగా ఉన్నాడు. ఎవరు ఎందుకు ఉంటారో, ఎందుకు పోతారో నాకైతే తెలియలేదు. ఒకే కుండలో వండిన కొర్రబువ్వ తిన్నారు జేజీ నాయనా ఇద్దరూ, ఒకరు తొంభై దాటారు, ఇంకొకరు ముప్పై నాలుగు చూడలేదు.

మా నాయన కోసం చిన్నప్పుడు కూతురిగా ఏడ్చాను. ఆయన వయసు నాకు వచ్చినప్పుడు తోడబుట్టినదానిలా ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఆయన నాకు మనవడి ఈడు పిల్లవాడు, అన్నం తిన్నాడో లేదో అనిపిస్తుంది. కాలం నన్ను ఇంత దూరం నడిపించి తెచ్చింది, ఆయన్ని మాత్రం ఆ ముసురు మధ్యాహ్నం దగ్గరే వదిలేసి వచ్చింది.